సెలవు పుచ్చుకొనుట



మనము కూర్చున్న ఈ ఊరి పేరు తగరపువలస. ప్రక్కనే చిట్టివలస, ఇటు సంగివలస, కొంత దూరమున కొత్తవలస. విశాఖపట్టణము మొదలు శ్రీకాకుళము దాటువరకు 'వలస' అని ముగియు ఊళ్ళు ఎన్నియో ఉన్నవి. కరవు వలననో, దండు వలననో, శిస్తు బాధ వలననో ఉన్నచోటు విడిచి, మరియొక చోట పాకలు వేసికొని నిలిచినవారి ఊరికి వలస అని పేరు వచ్చినది. తగరము అనగా ఇక్కడ లోహమా, సుగంధద్రవ్యమా అను చర్చలోనికి నేను పోను. ఈ ఊరిని నిలిపినవారు ఎక్కడినుండియో బయలుదేరి వచ్చినవారు అనునంతవరకు ఆ పేరు చెప్పుచున్నది. వారు బయలుదేరిన నాడు పొలిమేర దాకా వచ్చి సాగనంపినవారు కొందరు ఉండియుందురు. వచ్చినవారి గుర్తు ఊరి పేరులో మిగిలినది. సాగనంపినవారి గుర్తు ఎక్కడను మిగులలేదు.

ఈ పూట ఆ సాగనంపుటను గురించియు, దానికి రెండవ వైపైన సెలవు పుచ్చుకొనుటను గురించియు నాలుగు మాటలు చెప్పదలచినాను. ఈ విషయము నాకు శాస్త్రము వలన కొంత, చేసిన పొరపాటు వలన కొంత తెలిసినది. పాఠశాల విడిచిన నాటినుండి సంచారమే నా వృత్తి. సింహాచలము, అరసవిల్లి, శ్రీకూర్మము మొదలుకొని, ఇచ్ఛాపురము దాటి బరంపురము, ఖరగ్‌పూరు, జంషెడ్‌పూరు వరకు, రైళ్ళ కొరకు ఇనుము కొరకు మనవారు వెళ్ళి స్థిరపడిన ఊళ్ళన్నిటికిని పారాయణములకు వెళ్ళినాను. ఒక ఊరిలో మూడు దినములు, ఒక ఊరిలో మండలము. ప్రతి ఊరిలోను ఎవరో ఒకరు ఆప్తులైనారు. వారినందరిని విడిచి రావలసి వచ్చినది.

'వేదాంతము చెప్పు మీకు ఎడబాటు ఏమి లెక్క?' అని కొందరు అడుగుదురు. యౌవనమున నేనును అట్లే అనుకొన్నాను. శ్రీమద్రామాయణమున అయోధ్యాకాండలో శ్రీరాముడు భరతునితో చెప్పిన ఉపమానము అందరికి తెలిసినదే. మహాసముద్రమున కొట్టుకొనివచ్చు రెండు కట్టెలు కొంతకాలము కలిసియుండి విడిపోవునట్లే బంధుమిత్రుల కలయిక అని దాని భావము. ఈ ఉపమానమును నేను ఎన్ని సభలలో చెప్పినానో లెక్క లేదు. చెప్పి, మరునాడు ఎవరికిని చెప్పకుండ తెల్లవారుజాము బస్సు ఎక్కి వెళ్ళిపోవుటయు నాకు అలవాటుగా ఉండెడిది. కట్టె కట్టెకు చెప్పి పోవునా అని నా సమాధానము.

ఆ మాట ఎప్పుడు, ఎవరితో చెప్పబడినదో నేను చూడలేదు. తనను తిరిగి తీసికొనిపోవుటకు సైన్యముతో, తల్లులతో చిత్రకూటమునకు వచ్చిన తమ్ముని ఎదుట కూర్చుండబెట్టుకొని చెప్పిన మాట అది. చెప్పిన తరువాత రాముడు లేచి వెళ్ళిపోలేదు. భరతుని ప్రార్థన విన్నాడు, పాదుకలను ఇచ్చినాడు, కౌగిలించుకొన్నాడు, వచ్చినవారినందరిని యథాక్రమముగా గౌరవించి పంపినాడు. అనగా ఆ ఉపమానము సెలవు ఇచ్చు సమయమున చెప్పినది. సెలవు ఇచ్చుటకు బదులుగా చెప్పినది కాదు. ఈ భేదము గ్రహించుటకు నాకు చాలా ఏండ్లు పట్టినది.

మాటనే చూతము. సంస్కృతమున 'ప్రచ్ఛ్' అను ధాతువునకు అడుగుట అని అర్థము. దానికి 'ఆఙ్' అను ఉపసర్గ చేరినచో సెలవు పుచ్చుకొనుట అని అర్థము వచ్చును. అప్పుడు ఆ ధాతువును ఆత్మనేపదమున ప్రయోగింపవలెనని వార్తికకారుడైన కాత్యాయనుడు ప్రత్యేకముగా చెప్పినాడు. (ఆత్మనేపదము గనుక ఫలము అడిగినవానికే చెందునని చమత్కారముగా చెప్పవచ్చును. శాస్త్రదృష్టిలో అది నిలువదు. వార్తికబలము చేతనే ఇక్కడ ఆత్మనేపదము. చమత్కారము మాత్రము బాగున్నది.) కావున పోవుచున్నానని తెలియజేయుట కాదు, పోవచ్చునా అని అడుగుట. తెలుగులోను ఇదే భావము. సెలవు అనగా అనుమతి. పెద్దలు మాటలాడినచో 'సెలవిచ్చినారు' అందుము. సెలవు పుచ్చుకొనుట, సెలవు ఇప్పించుట అను మాటలన్నియు ఇచ్చువాడు ఒకడు, పుచ్చుకొనువాడు ఒకడు ఉండవలెనని చెప్పుచున్నవి. ప్రయాణము ఒంటరిగా చేయవచ్చును. సెలవు మాత్రము ఒంటరిగా పుచ్చుకొనుటకు వీలు లేదు.

కాళిదాస మహాకవికి ఈ సంగతి ఎంత తెలిసినదో చూడుడు. మేఘసందేశమున యక్షుడు మేఘమునకు దారి చెప్పుటకు ముందే, నీకు ప్రియసఖుడైన ఈ రామగిరిని కౌగిలించుకొని సెలవు పుచ్చుకొమ్మని చెప్పుచున్నాడు. మేఘము నిత్యసంచారి, పర్వతము కదలనిది. అయినను వారిద్దరు స్నేహితులు. ఏటేట కలిసినప్పుడెల్ల పర్వతము వేడి ఆవిరి విడుచునట. సంచారి సెలవు అడుగవలసినది ఆ కదలనివానినే. శాకుంతలము నాలుగవ అంకమున కణ్వమహర్షి కూతురి ప్రయాణమునకు ఆశ్రమములోని చెట్లను అనుమతి అడిగినాడు. కోకిల కూత వినబడగా, చెట్లు అనుమతి ఇచ్చినవని సంతోషించినారు. ఆ పిదప శార్ఙ్గరవుడు, ప్రియజనమును నీటి ఒడ్డు వరకే అనుసరింపవలెనని పెద్దల మాట ఉన్నదనియు, ఇదే సరస్సు ఒడ్డనియు గురువునకు గుర్తు చేసినాడు. ఎంత దూరము పోవలెనో, ఎక్కడ నిలువవలెనో ఒక హద్దు ఉన్నదన్న మాట. హద్దు లేనిచో ప్రేమ గలవాడు వెనుకకు తిరుగలేడు.

ఆంధ్రదేశమున మనలో అనేకులకు సూత్రకారుడైన ఆపస్తంబ మహర్షి ధర్మసూత్రములలో ఇదే విషయమును గృహస్థునకు విధించినాడు. అతిథికి వాహనము ఉన్నచో వాహనము దాకా వెంట పోవలెను. లేనిచో, ఇక చాలు తిరుగుమని అతిథి చెప్పువరకు పోవలెను. అతిథి ఆ మాట చెప్పుట మరచినచో గ్రామపు పొలిమేర వద్ద మరలవచ్చును. ఈ మూడవ విధిని చదివినప్పుడెల్ల నాకు నవ్వు వచ్చును. మాటలలో పడి అతిథి మరచిపోవును, గృహస్థుడు మొగమాటముతో నడచుచునే ఉండును. అట్టివారు మహర్షి కాలమునను ఉన్నారన్న మాట. దీనిలో గమనింపదగినది మరియొకటి కలదు. తిరుగుమని చెప్పవలసినవాడు పోవువాడు. పోవుటకు సెలవు ఉన్నవాడు ఇచ్చును, మరలుటకు సెలవు పోవువాడు ఇచ్చును. ఇద్దరును ఒకరికొకరు ఇచ్చుకొనవలసినదే.

ఇక్కడ పండితులు ఒక ఆక్షేపణ చేయవచ్చును. తమసానదీ తీరమున శ్రీరాముడు, నిద్రించుచున్న పౌరులను విడిచి, వేకువనే రథము నడిపించి, జాడ తెలియకుండ సుమంత్రునిచే రథమును అటునిటు త్రిప్పించి వెళ్ళిపోయినాడు గదా, అది చెప్పకుండ పోవుట కాదా అని. ఔను, చెప్పకుండ పోవుటయే. ఈ ఘట్టమును నేను తేలికగా దాటను. కాని రాముడు వారిని అడుగక పోలేదు. దారి పొడవునను తిరిగి పొండని బ్రతిమాలినాడు, భరతుని ప్రేమింపుడని చెప్పినాడు. వారు సెలవు ఇయ్యలేదు. ఇయ్యము అని వెంటబడినారు. అడిగినను దొరకనప్పుడు చేసిన పని అది. అడుగుట కష్టమని తప్పించుకొన్నది కాదు. అయినను మేల్కొన్న పౌరులు తమ నిద్రను తిట్టుకొనుచు ఏడ్చినట్లు వాల్మీకి వ్రాసినాడు. తప్పనిసరియైన చోటను నొప్పి నొప్పియే. ఇదే రాముడు పదునాలుగేండ్ల తరువాత తిరిగి వచ్చుచు, హనుమంతుని భరతుని వద్దకు పంపునప్పుడు, దారిలో శృంగిబేరపురమున గుహునికి తన క్షేమము చెప్పిపొమ్మని ఆజ్ఞాపించినాడు. గంగ దాటించిన నాటి స్నేహితుడు లెక్కలో ఉన్నాడు.

అసలు మన శాఖలోనే ఒక గొప్ప వీడ్కోలు ప్రసంగము కలదు. తైత్తిరీయోపనిషత్తు శీక్షావల్లిలో పదకొండవ అనువాకము, విద్య ముగిసి ఇంటికి పోవు శిష్యునికి గురువు చెప్పిన మాటలు. తల్లిని, తండ్రిని, గురువును, అతిథిని దేవతలుగా చూడుమను ఉపదేశము అక్కడిదే. దానిని గోడల మీద వ్రాసికొందుము గాని, అది గుమ్మములో నిలబడి చెప్పిన మాట అని మరచిపోవుదుము. దానిలోనే గురువు, తమలో మంచి నడవడి ఏది ఉన్నదో దానినే అనుసరింపుమనియు, ఇతరమును వద్దనియు చెప్పుచున్నాడు. అనగా తనయందును దోషములు ఉండవచ్చునని శిష్యుడు వెళ్ళు వేళ ఒప్పుకొనుచున్నాడు.

ఇటువంటిదే మరియొకటి ఈ సమీపముననే జరిగెడిది. ఇక్కడికి, విశాఖకు నడుమ సముద్రము వైపు కొండల మీద తొట్లకొండ, బావికొండ అను బౌద్ధ విహారముల శిథిలములు ఉన్నవి. రాతిలో తొలిచిన నీటి తొట్ల వలన తొట్లకొండకు ఆ పేరు వచ్చినది. బౌద్ధ భిక్షువులు తక్కిన కాలమున తిరిగి వానకాలమున ఒకచోట నిలుచుట నియమము. వర్షావాసము ముగిసి మరల చెదరిపోవు ముందు 'పవారణ' అను ఆచారము ఉండెడిది. ప్రతి భిక్షువు తక్కినవారి ఎదుట, నాలో దోషము ఏమైన చూచితిరా, వింటిరా, శంకించితిరా, చెప్పుడు అని అడుగవలెను. మన యతులకును చాతుర్మాస్యమున నిలకడ, ముగిసిన పిమ్మట సీమోల్లంఘనము ఉన్నవి. మతము వేరైనను, తిరుగువారందరికిని కలిసియుండి విడిపోవు వేళ ఒక లెక్క సరిచూచుకొనవలెనను బుద్ధి పుట్టినది. మాట మిగిలిపోయినచో దానిని మోసికొని తిరుగవలెను గదా.

ఈ తీరమున అట్లు మిగిలిపోయిన మాటలు చాలా ఉన్నవి. నేను 1975 ప్రాంతమున ఇక్కడికి వచ్చినప్పుడు, రంగము ప్రయాణములను కంటితో చూచిన వృద్ధులు ఇంకను ఉండిరి. అప్పటి బర్మా రాజధానియైన రంగూనును మనవారు రంగము అనెడివారు. భీమునిపట్నము రేవునుండి స్టీమర్లు రంగమునకు పోయెడివి. స్టీమరు దూరముగా లోతునీటిలో లంగరు వేసికొని నిలిచెడిది. జనమును పడవలలో అక్కడికి చేర్చెడివారు. కావున సాగనంప వచ్చినవారు తడి ఇసుకలో నిలబడిపోయెడివారు. శాకుంతలములో చెప్పిన నీటి ఒడ్డు ఇదే అని నాకు అప్పుడు తట్టినది. 1933లో విశాఖ ఓడరేవు తెరువబడిన తరువాత భీమిలి రేవు క్రమముగా వెనుకబడినది. 1941 డిసెంబరు 23న జపానువారు రంగూను మీద బాంబులు వేసినారు. 1942లో లక్షల మంది భారతీయులు అడవులగుండ, కొండలగుండ నడచి స్వదేశమునకు బయలుదేరినారు. దారిలోనే పోయినవారు అనేకులు. 1962లో అక్కడ సైనిక ప్రభుత్వము వచ్చిన పిదప మిగిలినవారిలో మరికొందరు తిరిగి రావలసి వచ్చినది. విశాఖలోని బర్మా క్యాంపు పేరు అట్లు వచ్చినదే. ఒక వృద్ధురాలు నాతో తన అన్నను గురించి చెప్పుచు, ఆయన తిరిగి రాలేదని ఏడ్వలేదు. 'పడవెక్కే ముందు ఎల్లొస్తానే అని నా నెత్తి మీద సెయ్యేసి సెప్పాడు బాబూ' అని, ఆ చేయి ఇప్పుడును అక్కడ ఉన్నట్లు తల తడుముకొన్నది.

ఆమె మాట విన్న తరువాతను నేను మారలేదు. ఇక నా పొరపాటు చెప్పెదను.

చిట్టివలస జనపనార మిల్లులో నేతపని చేయు ఒక మిత్రుడు నాకు ఉండెను. నాకంటె నాలుగేండ్లు పెద్ద. నేను ఇల్లు కుదుర్చుకొనక పూర్వము, ఈ వైపు వచ్చినప్పుడెల్ల ఆయన ఇంటి అరుగే నాకు బస. వేదము ఆయనకు తెలియదు. గోగునార ఏది మేలైనదో చేతితో తాకి చెప్పగలడు. ఇద్దరమును సాయంకాలము గోస్తని ఒడ్డున కూర్చుండెడివారము. 1984 మాఘమాసమున జంషెడ్‌పూరు నుండి పిలుపు వచ్చినది. విజయనగరములో రైలు అందుకొనుటకు తెల్లవారుజామున నాలుగు గంటల బస్సు పట్టవలెను. ఆయన రాత్రి షిఫ్టులో ఉన్నాడు, ఆరు గంటలకు గాని రాడు. ముందునాడు చెప్పవచ్చును, చెప్పలేదు. చీటీ వ్రాసి పెట్టవచ్చును, పెట్టలేదు. తలుపు దగ్గరగా లాగి వెళ్ళిపోయినాను. కట్టె, సముద్రము, ఆ ఉపమానము నా నోట ఉన్నది గదా.

నేను ప్రతి దినము చీకటితోనే ఏటికి స్నానమునకు పోవుట ఆయనకు తెలియును. షిఫ్టు దిగి వచ్చి, అరుగు ఖాళీగా ఉండుట చూచి, స్నానమునకు పోయినానని కూర్చున్నాడు. ఎండ ఎక్కినది. నేను రాలేదు. రాత్రి అంతయు మగ్గము ముందు నిలబడిన మనిషి, ఇద్దరిని వెంట తీసికొని గోస్తని పొడవునను గుండముల వద్ద నన్ను వెదకినాడు. మధ్యాహ్నము దాకా వెదకినాడు. చివరకు పంతులుగారు తెల్లవారుజామున బస్సు ఎక్కినారని టీ దుకాణమువాడు చెప్పగా ఇంటికి పోయి పడుకొన్నాడు. ఈ సంగతులేవియు నాకు తెలియవు. ఎనిమిది మాసముల తరువాత నవ్వుచు వచ్చి అరుగు మీద సంచి పెట్టినాను. ఆయన కోపగించుకొనలేదు. మంచినీళ్ళు తెచ్చి ఇచ్చి అడిగినాడు: 'సెప్పకుండా ఎల్లిపోతే మిమ్మల్ని ఏట్లో ఎతుక్కోవాలా పంతులుగారూ, బస్సులో ఎతుక్కోవాలా?'

పాఠశాలలో పన్నెండేండ్లు చదివినవానికి ఆ ప్రశ్నకు ఉత్తరము దొరకలేదు. వైరాగ్యము అనగా నేను దేనిని అంటకుండుట అని అనుకొంటిని. నన్ను అంటుకొన్నవాని ఎదుట నిలబడుటకు ధైర్యము లేకపోవుటను ఆ పేరుతో పిలిచితినని ఆ దినమున తెలిసినది. అది మొదలు ఏ ఊరు విడిచినను, ఎంత వేళ కాని వేళయైనను, గృహస్థుని లేపియైన సరే, సెలవు అడిగియే కదలుచున్నాను. ఇక్కడినుండి కదలునప్పుడు ఆయన నా సంచి భుజాన వేసికొని గోస్తని వంతెన దాకా వచ్చెడివాడు. బస్సు అక్కడ ఆగదు, మరల కూడలికి నడువవలెను. అయినను వంతెన దాకా పోయి, నీటిని చూచి, తిరిగి వచ్చి బస్సు ఎక్కుట మా ఇద్దరికి నియమమైనది. అది జాతీయ రహదారి; అప్పుడు దాని సంఖ్య 5, ఇప్పుడు 16. లారీలు ఒరసికొనిపోవుచుండగా వంతెన ప్రక్కన నిలబడి, 'వెళ్ళివచ్చెదను అన్నా' అని నేను, 'ఎల్లి రండి పంతులుగారూ' అని ఆయన.

నేటి సంగతియు ఒక మాట చెప్పవలెను. ఇప్పుడు పిల్లలు అమెరికాకు, గల్ఫు దేశములకు పోవుచున్నారు. చేరిన వెంటనే ఫోనులో ముఖము కనబడుచున్నది. ఇది మంచిదే, తడి ఇసుకలో నిలబడినవారికి ఈ భాగ్యము లేదు. కాని 'చేరినాము' అని చెప్పుట పెరిగి, 'వెళ్ళి రమ్మందురా' అని అడుగుట తగ్గినది. విమానాశ్రయపు గుమ్మములో ఛాయాచిత్రము తీసికొనుటతో సరి. ఎప్పుడైనను మాటలాడవచ్చును గదా అని, మాటలాడవలసిన ఆ ఒక్క మాట ఎప్పటికప్పుడు వాయిదా పడుచున్నది. నా మనుమలను కూడ కలుపుకొనియే చెప్పుచున్నాను.

2009లో చిట్టివలస మిల్లు మూతపడినది. కొందరు విశాఖలో కాపలా పనులకు, కొందరు దూరదేశములకు పోయినారు. కలకత్తా ప్రక్కనున్న టిటాగఢ్ జనపనార మిల్లులలో మన ఉత్తరాంధ్రవారు తాతల నాటినుండి ఉన్నారు. నా మిత్రుని కూతురి కాపురము అక్కడనే. మరుసటి ఏడు ఆయన భార్యతో కూడ అక్కడికి బయలుదేరినాడు. నేను అప్పుడు కోనసీమలో ఒక మాసము పారాయణములో ఉంటిని. తిరిగి వచ్చిన నాడు ప్రక్కయింటివారు చెప్పినారు: ఆయన మా గుమ్మము దాకా వచ్చి, తాళము చూచి, కొంతసేపు మెట్టు మీద కూర్చుండి, 'సెలవడగడానికి వొచ్చానని పంతులుగారికి సెప్పండి' అని పోయినాడట. ఎన్నడును ఊరు విడువనివాడు ఒక్కసారి విడుచునప్పటికి, ఎల్లప్పుడు తిరుగువాడు ఇంట లేడు.

పదహారు మాసములకు కలకత్తా ప్రయాణము పడగా టిటాగఢ్ వెళ్ళినాను. ఒకే గది ఇల్లు, ముందు సన్నని వసారా. ఆయన చిక్కినాడు. నన్ను చూచి సంతోషించినాడు గాని, కూర్చుండలేదు. నిలబడియే చేతులు జోడించి, 'ఆ రోజొస్తే తాళం ఏసుంది. ఇప్పుడిప్పించండి సెలవు' అన్నాడు. కూతురు నవ్వినది. 'ఇంట్లోనే ఉండి ఎక్కడికెల్తావు నాన్నా?' అన్నది. నేను నవ్వలేదు. లేచి నిలబడి, తూర్పు ముఖముగా తిరిగి, మా గురువుగారు నాకు ఇచ్చినట్లే, క్షేమముగా వెళ్ళి రమ్మని సెలవు ఇచ్చినాను. ఆయన ఒక్క నిమిషము కన్నులు మూసికొని, 'ఇప్పుడెల్లినట్టయింది పంతులుగారూ' అని, అప్పుడు కూర్చున్నాడు.

మధ్యాహ్నము నా ప్రయాణపు వేళ అయినది. హుగ్లీ నది దాటి శ్రీరాంపూరులో లోకల్ రైలు ఎక్కి హౌరా చేరవలెను. నేను సెలవు అడిగినాను. ఆయన మాటలాడకుండ నా సంచి అందుకొని భుజాన వేసికొని రేవు దాకా నడచినాడు.